తలుపు తట్టే ముందు మూడు ప్రశ్నలు: ఇళ్ల మధ్యవర్తులకు బహిరంగ లేఖ

ఇళ్ల అమ్మకాల మధ్యవర్తులకు, వారి సంఘాల బాధ్యులకు, 'ఊరికే ఒకసారి చూసొద్దాం' అని బయల్దేరేవారికి,

నమస్కారం.

మీ పని తేలికని నేను అనను. ఎండనక వాననక పది ఇళ్లు తిప్పితే ఒక్క బేరం కుదురుతుంది. కుదిరేదాకా మీలో చాలామంది చేతికి ఏమీ రాదు. ఇది తెలిసే రాస్తున్నాను. మంచిమాటలు ఇక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను.

మా ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడు నెలలు దాటింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే నలుగురం ఉంటున్నాం. మా అమ్మ మంచం దిగలేని మనిషి. అబ్బాయి పరీక్షలకు చదువుతున్నాడు. మా ఆయన, నేను ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం. మొదటి నెల ఎంతమంది వస్తే అంత మంచిదనుకున్నాం. వచ్చిన ప్రతివాళ్లకీ ఇల్లంతా తిప్పి చూపించాం, మేడ మీద నీళ్ల ట్యాంకుతో సహా. రెండో నెల మొదట్లో విసుగొచ్చి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎవరు వచ్చారు, ఎంతసేపున్నారు, ఏం అడిగారు, ఆ తర్వాత ఏమైంది అన్నవి రాసుకుంటూ వచ్చాను.

ఇవాళ్టికి అందులో 58 పేర్లున్నాయి. ధర దగ్గరికి వచ్చి మాట్లాడినవాళ్లు 11 మంది. పత్రాలు చూపించమన్నవాళ్లు నలుగురు. రెండోసారి వచ్చినవాళ్లు ముగ్గురు. మిగిలిన 47 మంది సంగతి నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది కాబట్టి కొన్ని చెబుతాను. ఒకాయన మా వంటగది గట్టు ఎత్తు టేపుతో కొలుచుకున్నారు. కొనడానికి కాదు, వాళ్లింట్లో అలాంటిది కట్టించుకోవడానికి. మెట్ల రెయిలింగును నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసుకుని 'మా మేస్త్రీకి చూపించాలండీ' అని చెప్పి మరీ వెళ్లారు ఇంకొకరు. తమ ఇల్లు అమ్ముకునే ఆలోచన ఉండి, రేటు ఎలా ఉందో తెలుసుకుందామని వచ్చినవాళ్లు కనీసం ఆరుగురు. ఒక కుటుంబం వేరే పనికి వచ్చి, ఇంకా గంట టైముందని మా ఇంటికొచ్చింది. అడిగితే దాచకుండా చెప్పారు, ఆ నిజాయితీకి నవ్వొచ్చింది కూడా.

నవ్వు రానిది ఇంకొకటి ఉంది. ఒకావిడ మా అమ్మ పడుకున్న గదిలోకి వెళ్లి, అలమార తలుపు తీసి చూసి, వెనక్కి తిరిగి 'ఈవిడకేం జబ్బు?' అని అడిగింది. అమ్మ మెలకువగానే ఉంది. ఆ రాత్రి అమ్మ 'నా మంచం వెనక గదిలోకి మార్చండే' అంది. వెనక గదికి కిటికీ లేదు.

మా ఏజెంటుకు ఈ సంగతి మూడుసార్లు చెప్పాను, అందులో రెండుసార్లు రాతపూర్వకంగా. 'అందరికీ ఉండేదేనండీ, అమ్ముడుపోవాలంటే కాస్త ఓపిక పట్టాలి' అన్నాడు. సంఘానికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. నెల ఆగి మళ్లీ రాశాను. అదీ అంతే. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ఓపిక పట్టేదాన్నే. కానీ ఐదో నెలలో ఒక విషయం తెలిసింది. మూడో నెలలో మా ఇల్లు చూసి వెళ్లిన ఒకావిడ దారిలో కలిసి పలకరించింది. రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కున్నారట. సంతోషం అన్నాను. మాటల్లో మాటగా ఆవిడే చెప్పింది: 'మీ ఇల్లు ముందు చూపించారండీ. ఆ రేటు విన్నాక రెండోది చూస్తే చవకే కదా అనిపించింది. అదే రోజు సరే అనేశాం.' రెండు ఇళ్లనూ చూపించింది ఒకే ఏజెంటు. వాళ్ల డబ్బు మా ఇంటికి సరిపోదని అతనికి మొదటి రోజే తెలుసట.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తిరగేశాను. అలా మా గుమ్మం మీదుగా వేరే ఇంటికి వెళ్లినవాళ్లు ఎంతమందో లెక్క తేలలేదు. బట్టల కొట్లో ముందు ఖరీదైనది పరిచి, తర్వాత అమ్మదలచింది తీయడం పాత కిటుకే. అయితే ఆ పరిచేది కొట్టువాడి సరుకు. ఇక్కడ పరిచింది మా పడకగదులు.

ఇది ఒక్క ఏజెంటు బుద్ధి గురించి అయితే అతన్ని మార్చుకుని ఊరుకునేవాళ్లం. అసలు తేడా పని లెక్కలో ఉంది. మా ఏజెంటు నెలాఖరుకు మెసేజ్ పెట్టేవాడు: 'ఈ నెల తొమ్మిది పార్టీలకు చూపించాం.' ఆ తొమ్మిదిలో కొనే స్తోమత ఎందరికుందో, కొనే ఉద్దేశం ఎందరికుందో ఆ మెసేజ్‌లో ఉండదు. ఇల్లు అమ్ముడుపోనంత కాలం ఆయన చేసిన పనికి సాక్ష్యం ఆ అంకె ఒక్కటే. పైగా వచ్చిన ప్రతి మనిషి ఫోన్ నంబరూ ఆయన దగ్గర మిగులుతుంది. మా ఇల్లు కొనకపోయినా రేపు ఇంకో ఇల్లు కొంటాడు, లేదా తన ఇల్లు అమ్మిపెట్టమంటాడు. తలుపులు బార్లా తీసి ఎవరైనా రావచ్చని ప్రకటించే 'ఓపెన్ హౌస్' పద్ధతిలో ఏజెంటుకు కొత్త ఖాతాదారులు దొరకడం పెద్ద లాభమని మీ వృత్తిలోవాళ్లే ఒప్పుకుంటారు. టైంపాస్‌కు వచ్చినవాడి వల్ల నష్టమంతా మాకే. మీకు మాత్రం వాడూ ఎంతో కొంత లాభమే.

మీ సొంత ఇల్లయితే ఏం చేస్తారన్న ప్రశ్నకు ఒక జవాబు ఇప్పటికే ఉంది. షికాగో ప్రాంతంలో జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారని, సుమారు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారని అందులో తేలింది. సరైన మనిషి కోసం ఆగడం మీకు చేతకాక కాదన్నమాట.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది:

1. అమ్మకానికి పెట్టిన ఇంట్లో మనుషులు బతుకుతూ ఉంటారు. మంచం పట్టినవాళ్లు, బాలింతలు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్లు, పరీక్షల పిల్లలు. 'అరగంటలో వస్తున్నామండీ' అని ఫోన్ వస్తే ఆ అరగంటలో పక్కలు సర్దాలి, అంట్లు దాచాలి, బాత్‌రూం కడగాలి, రోగికి బట్టలు మార్చాలి. అంతా చేసి కూర్చుంటే సగంసార్లు ఎవరూ రారు. రాలేకపోతున్నామని చెప్పడానికి ఫోన్ కూడా చేయరు. ఏడు నెలలుగా మా ఇంట్లో ఫోన్ మోగితే మా అబ్బాయి పుస్తకం మూసేస్తున్నాడు. సొంత ఇంట్లో సొంత మనుషులు అద్దాల పెట్టెలో బొమ్మల్లా కూర్చోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. ఆ టెన్షన్‌కు ఎవరూ బిల్లు వేయరు కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాదు.

2. తలుపు తీయడానికి ఒక మనిషి ఇంట్లో ఉండాలి. మేం సగం రోజు సెలవులు పెట్టుకుంటున్నాం, సెలవులు ఉన్నవాళ్లం కాబట్టి. రోజు జీతం మీద బతికేవాళ్లు, చిన్న అంగడి నడుపుకునేవాళ్లు అప్పు తీర్చడానికి ఇల్లు అమ్ముకుంటుంటే, చూడటానికి వచ్చే ప్రతి పార్టీకీ వాళ్లు ఒక పూట సంపాదన పోగొట్టుకుంటారు.

3. వచ్చినవాళ్లు చూసేది గోడలను మాత్రమే కాదు. ఏ తలుపుకు ఏ తాళం, వెనక గేటు గడియ ఎలాంటిది, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎవరు ఎప్పుడు బయటికి వెళ్తారు అన్నవన్నీ పావుగంటలో తెలిసిపోతాయి. మందుల అలమారలు, నగలు పెట్టే సొరుగులు కంటపడతాయి. నొప్పి మందులు, నిద్ర మందులు మాయం కావడం ఇల్లు చూపించే చోట్ల కొత్త సంగతేమీ కాదు. దీనికి తోడు ఫొటోలు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే తీసిన ఫొటో ఫైల్‌లోనే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. ఆ ఫైల్‌ను అలాగే పంపిస్తే అందుకున్నవాళ్లకు ఇల్లెక్కడో, లోపల ఏముందో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

4. అద్దెకు ఉన్నవాళ్ల గోడు ఇంకా అన్యాయం. అమ్మేది వాళ్లు కాదు, వచ్చే డబ్బు వాళ్లది కాదు, ఇల్లు అమ్ముడుపోతే మూటాముల్లె సర్దుకోవాల్సింది మాత్రం వాళ్లే. అయినా రోజూ తలుపు తీసి నవ్వు ముఖంతో నిలబడాలి. యజమాని ఒప్పుకున్నాడు కదా అని వాళ్లకు మాట కూడా చెప్పకుండా పార్టీని తీసుకెళ్లే ఏజెంట్లు మీలో ఉన్నారు.

5. ఇంటి పేరు పోతుంది. 'ఆ ఇల్లా? చాలామంది చూశారు, ఎవరూ తీసుకోలేదు, ఏదో లోపం ఉండుంటుంది' అన్న మాట ఒకసారి పుట్టిందంటే ఆగదు. ఆ చాలామందిలో కొనడానికి వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది లేరని ఎవరూ విచారించరు. చివరికి ఆ మాటనే పట్టుకుని మీరు మా దగ్గరికొచ్చి 'రేటు కొంచెం దించితే మంచిదండీ' అంటారు.

6. నిజంగా కొనేవాళ్లు నష్టపోతారు. ఇది నా తప్పు కూడా కాబట్టి వివరంగా చెప్తాను. ఆరో నెలలో ఒక సాయంత్రం ఒక పడుచు జంట వచ్చారు. మామూలు బట్టలు, చేతిలో బ్యాగు కూడా లేదు, 'ఊరికే చూద్దామని వచ్చామండీ' అన్నారు. ఆ మాట వినీ వినీ ఉన్నాను. ముందు గది చూపించి, అమ్మకు ఒంట్లో బాగోలేదని చెప్పి పంపించేశాను. వాళ్లకు బ్యాంకు లోన్ అప్పటికే మంజూరై ఉందని, వారం తిరక్కుండా వేరే ఇంటికి అడ్వాన్సు ఇచ్చారని తర్వాత తెలిసింది. 'ఊరికే' అన్నది వాళ్ల మొహమాటం. 47 మంది మీద కోపం ఆ ఇద్దరి మీద చూపించాను. వడపోత గుమ్మం దగ్గర, అలిసిపోయిన మనిషి చేతిలో ఉంటే ఇలాగే అవుతుంది. అది గుమ్మం దాకా రాకముందే, ప్రశాంతంగా, అందరికీ ఒకే తీరున జరగాలి. ఆ పని మీది.

ముందే ప్రశ్నలడిగితే పార్టీలు బెదిరిపోతారని మీరు అంటారు. మీ వృత్తి ఇంతకుముందు ఇలాంటివి నేర్చుకోకపోలేదు. 1986 జూలై 28న లండన్‌లో సూజీ లాంప్లూ అనే 25 ఏళ్ల ఏజెంటు ఒక ఇల్లు చూపించడానికి బయల్దేరింది. డైరీలో ఆ మనిషి పేరు 'మిస్టర్ కిప్పర్' అని రాసుకుంది. ఆమె తిరిగి రాలేదు. ఆ కిప్పర్ ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆమె చనిపోయినట్టు అధికారికంగా ప్రకటించారు, శరీరం దొరకలేదు. ఆమె తల్లిదండ్రులు ఆమె పేరనే ఒక ట్రస్టు పెట్టి, ఒంటరిగా పనిమీద వెళ్లేవారి భద్రత గురించి దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. ఇల్లు చూస్తామన్న మనిషి ఎవరో ముందు రూఢి చేసుకోవడం, ఎక్కడికి వెళ్తున్నారో ఆఫీసులో చెప్పి వెళ్లడం వంటి జాగ్రత్తలు ఏజెంట్లకు ఇవాళ మొదటి పాఠాలు. మీ ప్రాణం కోసం మీరు అడిగే ప్రశ్నలు మా ఇంటి కోసం అడిగితే పార్టీ ఎందుకు పారిపోతాడు?

వివరాలు ముందే చేతికిస్తే ఊరికే తిరిగే పని తగ్గుతుందనడానికీ ఉదాహరణ ఉంది. స్కాట్లండ్‌లో 2008 డిసెంబర్ 1 నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టేవారు ముందుగానే 'హోం రిపోర్ట్' సిద్ధం చేయాలి. ఇంటి స్థితి మీద సర్వేయరు నివేదిక, విలువ అంచనా, కరెంటు, ఇంధనం వాడకం వివరాలు, యజమాని నింపిన ప్రశ్నపత్రం అందులో ఉంటాయి. అంతకుముందు ఒకే ఇంటికి కొనదలచిన ప్రతివారూ ఎవరి ఖర్చుతో వారు సర్వే చేయించుకునేవారు. ఇప్పుడు పైకప్పు కారుతుందో లేదో తెలుసుకోవడానికి మనిషి ఇంట్లో అడుగు పెట్టనక్కర్లేదు. అమెరికాలో 2024 ఆగస్టు 17 నుంచి, అమ్మకానికి ఉన్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు ఒకరితో ఒకరు పంచుకునే ఉమ్మడి జాబితా వ్యవస్థలో ఉన్నవారు కొనుగోలుదారుకు ఇల్లు చూపించే ముందు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అది కమీషన్ ముందే తేల్చుకోవడానికి పెట్టిన నిబంధన, మా బాధ తీర్చడానికి కాదు. ఓపెన్ హౌస్‌కు నేరుగా వచ్చేవారికి అది వర్తించదు కూడా. అయినా ఇల్లు చూడకముందే సంతకం పెట్టమంటే అక్కడ జనం ఇళ్లు కొనడం మానేయలేదు.

మేం కోరేవి ఇవి:

1. ఇంటికి తీసుకొచ్చే ముందు ప్రతి పార్టీనీ మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు ఎలా సర్దుబాటు చేస్తారు? ఎప్పటిలోగా కొనాలనుకుంటున్నారు? నిర్ణయం తీసుకునేది ఎవరు, వాళ్లూ వస్తున్నారా? లోన్ మీద కొనేవాళ్లయితే, ఇంతవరకు లోన్ ఇవ్వగలమని బ్యాంకు ముందుగా రాసిచ్చే ప్రీ-అప్రూవల్ లెటర్ ఉందేమో చూడండి. చేతి డబ్బయితే అంత ఉందని బ్యాంకు నుంచి ఒక ముక్క రాయించుకు రమ్మనండి. ఆ కాగితాలు మాకు చూపించనక్కర్లేదు. వాళ్ల ఖాతా వివరాలతో మాకు పనిలేదు. మీరు చూసి 'సరే' అంటే చాలు. ప్రీ-అప్రూవల్ ఉన్నంత మాత్రాన లోన్ వచ్చేసినట్టు కాదనీ, ఇంటి పత్రాలు, విలువ పరిశీలించాకే బ్యాంకు చివరి మాట చెబుతుందనీ మాకు తెలుసు. అది తెచ్చుకునే శ్రమ పడ్డ మనిషి టైంపాస్‌కు రాడు, అంతే. లోన్ కోసం ఇంకా తిరుగుతున్నవాళ్లను తరిమేయమనడం లేదు. వాళ్లకు ముందు బ్యాంకు దారి చూపించండి, తర్వాత మా ఇంటి దారి.

ఒక్క షరతు. ఈ ప్రశ్నలు అందరికీ ఒకటే. బట్టలు, బండి, మాట యాస, కులమతాలు చూసి కొందరిని అడిగి కొందరిని వదిలేస్తే అది వడపోత కాదు, వివక్ష. పైన నేను చేసిన పని ఎలాంటిదో రాసుకున్నాను కదా.

2. ప్రకటనలో ధర రాయండి. 'ధర కోసం ఫోన్ చేయండి' అన్న ఒక్క వాక్యం సగం మంది కుతూహలాన్ని మా గుమ్మంలోకి తెస్తోంది. కొలతలతో ఇంటి ప్లాను పెట్టండి. గదుల లోపలి విస్తీర్ణం వేరుగా, మొత్తం కట్టడం విస్తీర్ణం వేరుగా చూపించండి. ఎన్నేళ్ల ఇల్లు, ఎండ ఏ గదిలోకి వస్తుంది, బండి ఎక్కడ పెట్టుకోవాలి, ఏ గోడకు చెమ్మ ఉంది అన్నవీ రాయండి. మా వెనక గదికి కిటికీ లేదని ప్రకటనలో రాయమంటే మా ఏజెంటు వద్దన్నాడు. ఆ గది చూశాక ముఖం మాడ్చుకుని వెళ్లిపోయినవాళ్లు నా నోట్‌బుక్‌లో తొమ్మిదిమంది. ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ తొమ్మిది సాయంత్రాలు మాకూ మిగిలేవి, వాళ్లకూ మిగిలేవి.

3. వారానికి రెండు పూటలు, ఇంట్లోవాళ్లు చెప్పిన వేళల్లో మాత్రమే చూపించండి. కనీసం ఒక రోజు ముందు చెప్పండి. అద్దెకున్నవాళ్లుంటే వాళ్ల ఒప్పుదల విడిగా తీసుకోండి. రాలేనివాళ్ల సంగతి మాకు చేరవేయాల్సింది మీరే.

4. పార్టీతో మీరు స్వయంగా రండి. పేరు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు ముందే చూసుకోండి. 'అడ్రస్ పంపించాను, వాళ్లే వస్తారు' అనడం ఇక ఆపండి.

5. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే తప్ప ఫొటోలు, వీడియోలు తీయనివ్వకండి. మీరు తీసే ఫొటోల్లో లొకేషన్ సమాచారం తీసేసి, కుటుంబ ఫొటోలు, మందులు, తాళాలు కనపడకుండా చూసి పెట్టండి. 360 డిగ్రీల కెమెరాతో ఇల్లంతా తిరిగి చూసే వీడియో టూర్ మంచి సదుపాయమే. సరదా చూపులు చాలావరకు దానితోనే తీరిపోతాయి. కానీ దాన్ని లోకమంతటికీ తెరిచి పెట్టకండి. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినవాళ్లకే లింకు ఇవ్వండి.

6. కొనలేరని తెలిసిన పార్టీని, వేరే ఇల్లు చవకగా కనపడేలా చేయడానికి మా ఇంటికి తీసుకురాకండి. ఇది విజ్ఞప్తి కాదు. సంఘాలు దీన్ని తప్పుగా తమ నియమావళిలో చేర్చాలని, చేసినవారి మీద చర్య తీసుకోవాలని డిమాండ్ చేస్తున్నాం. ఒకే ఏజెంటు దగ్గర దగ్గరలో రెండు ఇళ్లు అమ్మిపెడుతుంటే ఆ మాట ఇద్దరు యజమానులకూ చెప్పాలి.

7. చూపించిన రెండు రోజుల్లో ఫలితం చెప్పండి. వద్దన్నారా, ఎందుకు వద్దన్నారు? రేటా, గదులా, దూరమా? నెలాఖరు మెసేజ్‌లో తల లెక్క కాకుండా ఈ సమాచారం పంపండి. కఠినంగా ఉన్నా ఫరవాలేదు.

ఇల్లు చూడాలని సరదాపడేవారికి రెండు ముక్కలు. ఇంకొకరి ఇల్లు ఎలా ఉందో చూడాలనిపించడం తప్పేమీ కాదు. నాకూ అనిపిస్తుంది. చూడటానికే కట్టిన మోడల్ ఫ్లాట్లు ఉంటాయి, వెళ్లండి. ఎంత తెరిచినా అక్కడ అలమారల్లో ఎవరి మందులూ ఉండవు. రేటు తెలుసుకోవాలంటే అడగండి, గుమ్మం బయటే చెబుతాం. ఇరుగుపొరుగువారికైతే ఒక ఆదివారం గంటసేపు మేమే పిలిచి చూపిస్తాం. మీ అన్నదమ్ములో స్నేహితులో కొనేవాళ్లుంటే వాళ్ల చెవిన వేసేది మీరే కదా. కొనేవాళ్లలా నటించడం ఒక్కటే వద్దు.

అమ్మేవాళ్లం మేమూ పత్తిత్తులమేం కాదు. మొదటి మూడు నెలలు మేం పెట్టిన రేటు ఎక్కువే. ఆ రేటుకు నిజంగా కొనేవాళ్లు రారు, చూసిపోయేవాళ్లే వస్తారు. అమ్మే ఉద్దేశం లేకుండా 'ఎంత పలుకుతుందో చూద్దాం' అని బోర్డు కట్టే యజమానులు మీ సమయం ఎలా తింటున్నారో కూడా తెలుసు. మమ్మల్నీ ఆ మూడు ప్రశ్నలు తిప్పి అడగండి: ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పటిలోగా, కుటుంబంలో అందరి సంతకాలూ వస్తాయా? అబద్ధం చెబితే మా ఇల్లు తీసుకోకండి.

ఈ లేఖ ప్రతిని మూడోసారి సంఘానికి పంపిస్తున్నాను. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. ఏడింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో చెబితే చాలు. ఆరోదానికి మాత్రం అవును, కాదు అన్న రెండు జవాబుల్లో ఒకటే కావాలి. జవాబు రాకపోతే మా ఇంటి ఒప్పందం రద్దు చేసుకుని సొంతంగా అమ్ముకుంటాం. ఇలాంటి నోట్‌బుక్కులు పెట్టుకున్న మిగతా యజమానులనూ కలుపుకుని, అందరి లెక్కలూ పేర్లు తీసేసి బయటపెడతాం.

ఈలోగా గేటుకు ఒక అట్ట కట్టాం: 'ఇల్లు చూడటం ఆదివారం, బుధవారం సాయంత్రాలు మాత్రమే. ముందు ఫోన్ చేయండి. లోపల రోగి ఉన్నారు.' అమ్మ మంచం మళ్లీ కిటికీ ఉన్న గదిలోకి మార్చాం. ఆ గది ఆఖర్న, నిజంగా కొనేవాళ్లకే చూపిస్తాం.

ఇట్లు,
అమ్మకానికి ఉన్న ఒక ఇంటి యజమానురాలు